వణుకు ఎవరింటిది

సోకున్బీ వంశంలో వణుకన్నది లేదని ఇరవై తొమ్మిదేళ్ళ కిందట అబెయోకుటా ఊరంతా వినేలా చెప్పిన పెద్దమనిషి, చీఫ్ అదెవూసి సోకున్బీ, ఆ ఆదివారం మధ్యాహ్నం తన ఎడమచేతిని అగ్బాదా అనే వదులంగీ మడతల్లోకి తోసి, పైన కుడిచెయ్యి పెట్టి, కోడిపిల్లను గంపకింద మూసినట్టు మూసి కూర్చున్నాడు. మూసినా అది కదులుతూనే ఉంది. ఎదురు కుర్చీలో ఉన్న చెల్లెలు ఇబిదున్ని ఆ నీలం గుడ్డ కింద కదలికనే చూస్తోంది. ఆమె చూస్తోందని ఆయనకూ తెలుసు.

“ఏసీ తగ్గించమని చెప్పాలి. చల్లదనానికి వేళ్ళు కాస్త బిగుసుకుంటున్నాయి” అన్నాడు.

“ఏసీ నడవట్లేదన్నయ్యా. కరెంటు పోయి గంటయింది.”

ఇబిదున్నికి యాభై అయిదేళ్ళు. లఫేన్వా మార్కెట్లో ఎలుబో, అంటే ఎండు పెండలం పిండి, బస్తాల లెక్కన అమ్ముతుంది. ఆమె పిండిలో రాయి ఉండదని, నోట్లో చక్కెర ఉండదని మార్కెట్లో అందరికీ తెలుసు. రైల్వే గుమాస్తాను చేసుకుని పద్దెనిమిదేళ్ళు కాపురం చేసింది. ఆయన పోయాక కొట్టే ఆమెకు ఇల్లు. అన్నయ్య పిలిస్తే తప్ప ఈ మేడ మెట్లెక్కదు. ఆయన పిలిచాడంటే ఏదో పని పడిందన్నమాటే.

పని ఏమిటో మెల్లగా బయటికి వచ్చింది. చీఫ్‌కి ఒక్కతే కూతురు, మొరాయో. ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెబుతుంది. ఇజెబూ వైపు ఒడుకోయా వాళ్ళబ్బాయి గ్బోలహాన్, భూములు కొలిచే సర్వేయరు, ఆమెను చేసుకుంటానన్నాడు. ఇక పెద్దవాళ్ళు మాట్లాడుకోవడానికి ముందు పిల్లవాడి తరఫువాళ్ళు వచ్చి వాకబు చేస్తారు. ఆ ఇంట్లో పిచ్చివాళ్ళున్నారా, మూర్ఛ ఉందా, కుష్ఠు ఉందా, వణుకుందా, దొంగతనానికి జైలుకెళ్ళినవాళ్ళున్నారా. ఇంటివాళ్ళు అబద్ధం చెబుతారని ఇంట్లో అడగరు. చుట్టుపక్కల అడుగుతారు, మార్కెట్లో అడుగుతారు.

“నీ దగ్గరికే వస్తారు. నువ్వు ఉన్నదున్నట్టు చెబుతావని ఊళ్ళో పేరుంది కదా” అన్నాడు చీఫ్.

“అయితే ఉన్నదే చెబుతాను.”

“అదే నేనూ అంటున్నా. మన ఇంట్లో ఏ జబ్బూ లేదు. ఉన్నదదే.”

“మరి ఆ చెయ్యి?”

చీఫ్ ముఖం ఈమధ్య లోపలిదేదీ బయటికి కనపడనివ్వడం లేదు. కోపం వచ్చినా, నవ్వొచ్చినా చెక్కతో చేసినట్టే ఉంటుంది. గొంతులో మాత్రం కోపం వినిపించింది. “ఇది జబ్బు కాదని నీకెన్నిసార్లు చెప్పాలి? ఇది నా పెళ్ళాం సిడికాత్ కూరలో పెట్టిన విషం.”

ఇబిదున్ని పళ్ళు బిగించి ఊరుకుంది. ఈ ఇంట్లో ఊరుకోవడం ఆమెకు పాత అలవాటే. ఆ అలవాటంటే ఆమెకు అన్నయ్య మీద ఉన్నంత అసహ్యం ఉంది.

మొదటిసారి ఊరుకున్నప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. కొలాదే ఎఫున్వాపే అనే రేడియోల మెకానిక్కు ఆమెను చేసుకుంటానన్నాడు. కొలాదే తండ్రికి ఇటోకులో ఫొటో స్టూడియో. ఆ ముసలాయన చేతులు వణికేవి. ఎఫున్వాపే దగ్గర ఫొటో దిగితే ఒక్క మనిషి ఇద్దరై వస్తాడని ఊళ్ళో వెటకారం. అప్పుడే తండ్రి పోయి ఇంటిపెద్ద అయిన అదెవూసి స్వయంగా ఆ స్టూడియోకి వెళ్ళాడు. వాళ్ళు మర్యాదకు పెట్టిన కోలా గింజల పళ్ళేన్ని వేలితో పక్కకు జరిపి, ఫొటోలకొచ్చిన జనం ముందు, “మా ఇంట్లో వణుకన్నది లేదు. మీ రక్తం తెచ్చి మా రక్తంలో పోసుకోలేం” అన్నాడు. ముసలాయన వణికే చేతులతోనే పళ్ళెం తీసి లోపల పెట్టుకున్నాడట. ఇబిదున్ని రెండ్రోజులు ఏడ్చి, మూడోరోజు కొలాదే ఇచ్చిన రేడియో తిరిగి ఇచ్చేసి వచ్చింది. ఆ రెండు రోజుల ఏడుపు కన్నా మూడోరోజు నడకే ఆమెను ఇప్పటికీ ఎక్కువ కుడుతుంది. కొలాదేకిప్పుడు మనవలున్నారు. ఇబాదాన్‌లో ఉంటాడు. వెంట్రుకంత తీగలు ఇంకా చేత్తోనే అతుకుతాడని చూసొచ్చినవాళ్ళు చెప్పారు.

రెండోసారి ఊరుకున్నది రెండేళ్ళ కిందట. మొరాయో తల్లి పోయాక చీఫ్ సిడికాత్‌ను చేసుకున్నాడు. తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది, చేతివంట బాగుండేది. కొన్నాళ్ళకు ఆయన తిండి రుచి మారిందని సణగడం మొదలుపెట్టాడు. కూర కూరలా లేదు, మిరపకాయ ఘాటు తెలియట్లేదు, ఇందులో ఏదో కలుపుతోంది అన్నాడు. ఆ తరవాత చెయ్యి వణకడం మొదలైంది. తెల్లంగీల చర్చిలో ప్రవక్త జకరాయ కళ్ళు మూసుకుని, తనకొక దర్శనం వచ్చిందని, చీఫ్‌కి వండిపెట్టే చెయ్యే చీఫ్ చేతిని కట్టేసిందని చెప్పాడు. చీఫ్ ఇంట్లో వండిపెట్టేది ఎవరో తెలుసుకోవడానికి దర్శనం అక్కర్లేదు, వంటింట్లోకి తొంగిచూస్తే చాలు. కానీ చర్చి చర్చంతా ఆమెన్ అంది. మర్నాడు సిడికాత్ పెట్టెలు గేటు బయట పడ్డాయి. అప్పుడు ఇబిదున్ని గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉంది. సిడికాత్ ఆమె వంక ఒక్కసారి చూసి, పెట్టె నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

“సరే, చెబుతాను. కానీ ముందు నువ్వు డాక్టరుకు చూపించుకోవాలి” అంది ఇబిదున్ని. “డాక్టరు విషమంటే నేనూ విషమనే చెబుతాను. ప్రమాణం చేసి చెబుతాను.”

చీఫ్‌కి ఈ బేరం నచ్చింది. సిడికాత్ విషం పెట్టిందని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు మరి. బుధవారం ఇద్దరూ కారులో పెద్దాసుపత్రికి వెళ్ళారు.

డాక్టరు పేరు అరిన్పే. సన్నగా, నిదానంగా ఉండే మనిషి. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. చీఫ్‌ని వరండాలో నడిపించింది. ఆయన ఎడమచెయ్యి ఊగకుండా ఒంటికి అతుక్కుని ఉంది. తిరగమంటే స్తంభం తిరిగినట్టు నాలుగడుగుల్లో తిరిగాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గబగబా కొట్టమంటే, మొదట బాగానే కొట్టినా, పోనుపోనూ వేళ్ళ కదలిక చిన్నదై ఆగిపోయింది. కాగితం ఇచ్చి పేరు నాలుగైదుసార్లు రాయమంది. చీఫ్ సంతకమంటే ఊళ్ళో సగం దస్తావేజుల మీద పెద్ద పెద్ద కొక్కేలతో ఉంటుంది. మొదటి వరస అలాగే మొదలై, అయిదో వరసకొచ్చేసరికి చీమల బారులా అయింది. ఇబిదున్ని ఆ కాగితం చూసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి అన్నయ్య మీద జాలి కలిగింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు.

“వాసన తెలుస్తోందా చీఫ్ గారూ? కూర మాడితే తెలుస్తుందా?” డాక్టరు అడిగింది.

“తెలియట్లేదు.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగైదేళ్ళు ఉంటుంది. చెయ్యి వణక్కముందు నుంచే.”

“తిండి రుచి కూడా మారినట్టుందా?”

“మారలేదా మరి? దాని చేతి కూర నోట్లో పెట్టుకుంటే తడి మట్టిలా ఉండేది. అప్పుడే అనుకున్నా, ఏదో కలుపుతోందని.”

“ఎవరూ ఏమీ కలపలేదు” అంది డాక్టరు. “ఇది పార్కిన్సన్స్ జబ్బు. చాలామందికి చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే వాసన పోతుంది. వాసన పోతే సగం రుచి పోయినట్టే. ఎవరు వండినా మీకు మట్టిలాగే ఉండేది.”

ఇబిదున్ని కుర్చీ అంచు పట్టుకుంది. సిడికాత్ ఎన్నెన్ని కూరలు పారబోసి ఉంటుందో, ఎన్నిసార్లు మళ్ళీ పొయ్యి వెలిగించి ఉంటుందో ఆమె కళ్ళముందు కనపడింది.

“విషం కాకపోతే ఎందుకొస్తుంది?” అన్నాడు చీఫ్.

“తలలో కొన్ని కణాలు మెల్లగా చచ్చిపోవడం వల్ల. ఎందుకు చస్తాయంటే ఒక్క కారణం ఉండదు. వయసొకటి. పుట్టుకతో వచ్చేదొకటి. మనందరి ఒంట్లో కణాల్లోని చెత్త ఊడ్చే ఏర్పాటొకటి ఉంటుంది. అది తయారయ్యే జన్యువులో కొందరికి ఒక్క అక్షరం తేడా ఉంటుంది. అది ఉన్నవాళ్ళకు ఊడ్పు కాస్త మందకొడిగా సాగుతుంది. ఆ తేడా మన పడమటి ఆఫ్రికావాళ్ళలోనే ఎక్కువ. తెల్లవాళ్ళలో వెతికినన్నాళ్ళు ఎవరి కంటా పడలేదు. అందుకే ఇక్కడ నెత్తురు తీసి చూస్తున్నాం. జబ్బున్నవాళ్ళదీ, లేనివాళ్ళదీ.”

“అంటే నా రక్తంలో ఉందా?”

“ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అమ్మ నుంచో నాన్న నుంచో ఒకటొస్తే జబ్బు అవకాశం కొంచెం పెరుగుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఇంకాస్త. అది ఉండి కూడా తొంభై ఏళ్ళు నిక్షేపంలా బతికినవాళ్ళు బోలెడుమంది. అది లేకుండా జబ్బు వచ్చినవాళ్ళూ ఉన్నారు.”

“జబ్బు లేనివాళ్ళలో ఎంతమందికి ఉంటుందమ్మా?” ఇబిదున్ని అడిగింది.

“మీ మార్కెట్లో కళ్ళు మూసుకుని పదిమందిని పట్టుకొస్తే, అందులో ఇద్దరు ముగ్గురికి ఉన్నా నేను ఆశ్చర్యపోను. చీఫ్ ఇళ్ళు, కూలీ ఇళ్ళు అని అది చూసుకోదు.”

చీఫ్ కుర్చీలో ముందుకు వంగి, గొంతు తగ్గించి, బ్యాంకు మేనేజరుతో మాట్లాడే పద్ధతిలో అన్నాడు. “డాక్టరమ్మా, నాకో సాయం చెయ్యండి. ఆ కాగితం మీద విషం అని రాయండి.”

“ఏమిటి?”

“ఆడది విషం పెట్టిందంటే జనం జాలిపడతారు. రక్తంలో ఉందంటే వంశం పోతుంది. మందులు మీరు చెప్పినట్టే వేసుకుంటాను. రాతమాత్రం విషమని ఉండాలి.”

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “మందులు రాస్తున్నాను. రోజుకు మూడుసార్లు, భోజనానికి అరగంట ముందు. మాంసం, చేప తిన్న వెంటనే వేసుకుంటే సరిగా పనిచెయ్యవు. ఇంకేమీ రాయను.”

నెత్తురు తియ్యడానికి చీఫ్ ఒప్పుకోలేదు. అగ్బాదా చేతులు దించుకుని బయటికి నడిచాడు, నడక అనగలిగితే. ఇబిదున్ని ఉండిపోయి చెయ్యి చాపింది. నర్సు సీసాలోకి నెత్తురు ఎక్కుతుంటే, “నా ఫలితం నాకు చెబుతారా?” అని అడిగింది. చెప్పరట. పరిశోధన కోసం తీసేది ఎవరిదెవరిదో పేర్లు లేకుండా కలిపేస్తారట. “పోనీలే” అంది. ఎవరి ఇంటిపేరూ పనికిరాని చోటు ఈ దేశంలో ఒకటైనా ఉందని ఆమెకు ముచ్చటేసింది.

దారిలో చీఫ్, “ఒడుకోయావాళ్ళతో విషమనే చెబుతావు కదా” అన్నాడు.

“డాక్టరు విషమంటే చెబుతానన్నాను. అనలేదుగా.”

“చిన్నప్పటి నుంచీ నా మాట జవదాటలేదు నువ్వు. ఇప్పుడూ దాటవు.”

ఆయన అది మెచ్చుకోలుగానే అన్నాడు. ఇబిదున్నికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మిగతా దారంతా ఆమె కిటికీలోంచి తుప్పురేకుల కప్పులు చూస్తూ కూర్చుంది.

ఒడుకోయావాళ్ళు శనివారం వచ్చారు. గ్బోలహాన్ మేనత్త, పేరు మదాం ఇయాబోదే. నెత్తిన కట్టిన గుడ్డ ఎంత ఎత్తుందంటే కొట్టు రేకుకు తగలకుండా వంగి రావలసి వచ్చింది. వెంట ఆమె తమ్ముడు, మాటలు తక్కువ మనిషి. ఇద్దరూ పిండి కొనడానికి వచ్చినట్టు నటించారు. మదాం బస్తాలోకి రెండు వేళ్ళు పెట్టి, తీసి, చేతిగుడ్డతో తుడుచుకుంది.

“పిండి తెల్లగానే ఉంది. ఈ ఊళ్ళో సోకున్బీ వాళ్ళని ఉన్నారట. మంచి కుటుంబమేనా?”

“నేనూ సోకున్బీల ఆడపిల్లనే. ఆ సంగతి తెలిసే వచ్చారు. కూర్చోండి, అడగాల్సింది అడగండి.”

మదాం కాస్త తడబడి, స్టూలు తుడిపించుకుని కూర్చుని, జాబితా చదివినట్టు అడిగింది. పిచ్చి? లేదు. మూర్ఛ? లేదు. జైలు? మా తాత ఒకసారి తెల్లవాళ్ళ పన్ను కట్టనని పోయాడు. వణుకు?

“ఉంది. మా అన్నయ్యకు పార్కిన్సన్స్. మూడు రోజుల కిందట డాక్టరు చెప్పింది. రెండో భార్య విషం పెట్టిందని ఊళ్ళో ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ అమ్మాయి చేసిన తప్పల్లా ముక్కు పనిచెయ్యని మనిషికి వంట చెయ్యడమే.”

మదాం ముఖం నిమ్మకాయ కొరికినట్టయింది. “అయ్యో పాపం. మా ఇంట్లో అయితే అలాంటిది తరతరాల్లో లేదు. మాది శుభ్రమైన రక్తం.”

“మా ఇంట్లోనూ అదే మాట అనేవాళ్ళం. ఇదే ఊళ్ళో పదిమంది ముందు అన్నాం కూడా. గురివింద గింజకు తన నలుపు ఎలా తెలుస్తుంది మదాం? ఆ పెద్దాసుపత్రిలో నెత్తురు తీస్తున్నారు. మీరూ వెళ్ళి ఇవ్వండి. ఆనక శుభ్రం సంగతి మాట్లాడుకుందాం.”

“మాకేం ఖర్మ?” అంటూ మదాం లేచింది. ఆమె తమ్ముడు మాత్రం లేవలేదు. బస్తా అంచు గోటితో గీరుతూ, “ఆ వాసన తెలియకపోవడం అన్నారే. అది... జలుబు లేకుండా కూడానా?” అన్నాడు.

“తమ్ముడూ, లే” అంది మదాం.

అతను లేచాడు. పిండి కొనకుండానే పోయారు. వాళ్ళు పోయాక పక్క కొట్టు ఆవిడ, “నీ మేనకోడలి పెళ్ళి నువ్వే చెడగొట్టావు కదే” అంది. ఇబిదున్ని మదాం వేళ్ళు పెట్టిన బస్తా మూతి బిగించి కట్టింది.

మంగళవారం మొరాయో బడి నుంచి నేరుగా వచ్చింది. బస్తా మీద సంచి విసిరేసింది. “అత్తా, నీ పెళ్ళి చెడిన కోపం నా పెళ్ళి మీద తీర్చుకున్నావా?”

“లేదే.”

“కొంచెమైనా లేదా? ఆ మాట నా కళ్ళలోకి చూసి చెప్పు.”

ఇబిదున్ని చూడలేకపోయింది. ఆ మదాం ముఖం మాడినప్పుడు తన గుండెలో పొంగింది న్యాయం ఒక్కటే కాదని ఆమెకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఎవరి మీదో ఉమ్ముదామని దాచుకున్నది ఎదురుగా ఎవరు దొరికితే వాళ్ళ మీద ఉమ్మింది. “కొంచెం ఉంది” అంది చివరికి. “నీకు ముందు చెప్పాల్సింది. చెప్పకపోవడం నా తప్పే.”

మొరాయో కూలబడింది. కాసేపు కళ్ళు తుడుచుకుంది. “చెప్పి ఉంటే నేనే చెప్పమనేదాన్ని. నాన్న చెయ్యి సంగతి గ్బోలహాన్‌కి ఏడాది కిందటే చెప్పాను. ‘అదెంత మాట, మా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు’ అన్నాడు. నిన్న వాళ్ళ పెద్దలందరి ముందు నన్ను కూర్చోబెట్టి, వాళ్ళ మేనత్త ఈ విషయం ఎత్తగానే, ‘నాకీ సంగతి ఎవరూ చెప్పలేదే’ అని నోరు తెరిచాడు అత్తా. నా పక్కనే కూర్చుని. ఎంత బాగా ఆశ్చర్యపోయాడనుకున్నావు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? ఇంటికొచ్చేశాను. ఇందాక ఫోన్ చేసి, నాలుగు రోజులు ఓపికపట్టు, వాళ్ళని మెల్లగా ఒప్పిస్తా అన్నాడు. భూములు కొలవడం తప్ప నీకేదీ నిటారుగా చేతకాదు, పెట్టెయ్యి అన్నాను.”

ఇబిదున్ని నవ్వకుండా ఉండడానికి చూసింది, కుదరలేదు. మొరాయో ఏడుస్తూనే నవ్వింది. ఆ పెళ్ళిమాట అక్కడితో ఆగిపోయింది. అతను రెండుసార్లు బడి గేటు దగ్గరికి వచ్చాడు. ఆమె రెండుసార్లూ వెనక గేటు నుంచి వెళ్ళింది.

తన తప్పు ఇంకొకటి మిగిలి ఉందని ఇబిదున్నికి తెలుసు. ఆ వారమే అదే ఊళ్ళో ఉన్న కుటో మార్కెట్‌కి వెళ్ళింది. సిడికాత్ అక్కడ ఐసుపెట్టెలు పెట్టుకుని చేపలు అమ్ముతోంది. గడ్డకట్టిన చేపను మొద్దు మీద పెట్టి కత్తితో కొడుతోంది. చెయ్యి ఆపకుండానే చూసింది.

“రెండేళ్ళు పట్టిందా వదినగారూ, లఫేన్వా నుంచి ఇటు రావడానికి? రైలు ఆలస్యమయిందా?”

ఇబిదున్ని డాక్టరు చెప్పిందంతా చెప్పింది. వాసన సంగతి చెప్పినప్పుడు సిడికాత్ కత్తి ఒక్కక్షణం ఆగింది. “అయితే కూర బాగానే ఉండేదన్నమాట” అంది మెల్లగా. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. “నాకెందుకు చెబుతున్నారు? నేను పెట్టలేదని నాకు ముందే తెలుసు. ఎక్కడ అన్నారో అక్కడ చెప్పమనండి. ఆ చర్చిలో, ఆ మైకులో.”

“అన్నయ్య చెప్పడు.”

“తెలుసు. మీరైనా చెబుతారేమో చూద్దామని.”

ఈలోగా చీఫ్ మాత్రలు వేసుకుంటున్నాడు. మనిషి ఎలాంటివాడైనా మాత్ర తన పని తాను చేస్తుంది. మూడు వారాల్లో నడక తేలికయింది, చెయ్యి సగానికి పైగా కుదుటపడింది. నెల తిరక్కుండానే తెల్లంగీల చర్చిలో కృతజ్ఞతా ఆరాధన ఏర్పాటు చేశాడు. ప్రవక్త జకరాయ అభిషేక తైలంతో చీఫ్ చేతి కట్లు తెగిపోయాయని కాగితాలు అచ్చువేయించి ఊళ్ళో పంచారు.

ఆ ఆదివారం ఇబిదున్ని కూడా వెళ్ళింది. అందరిలా తెల్లబట్టలు కట్టుకుని, చెప్పులు బయట వదిలి. చీఫ్ వేదికెక్కి రెండు చేతులూ గాల్లోకి లేపి చూపించాడు. డప్పులు మోగాయి. “శత్రువు నా పళ్ళెంలో పెట్టినదాన్ని దేవుడు తీసేశాడు” అన్నాడు. జేబులో మాత్రల డబ్బా ఉబ్బెత్తుగా కనబడుతోంది. ఎనిమిది గంటల మాత్ర వేసుకున్నాకే వేదికెక్కి ఉంటాడు. ఇక సాక్ష్యం చెప్పేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని ప్రవక్త అడిగాడు. ఇబిదున్ని లేచి వెళ్ళింది. చెల్లెలు కదా, పొగడడానికే వస్తోందని మైకు చేతికిచ్చారు.

“నేను ఇబిదున్నిని. చీఫ్ చెల్లెల్ని” అంది. “మా అన్నయ్యది పార్కిన్సన్స్ అనే జబ్బు. రోజుకు మూడు మాత్రలు వేసుకుంటున్నాడు, భోజనానికి అరగంట ముందు. కట్లు తెంపింది అవే. సిడికాత్ ఆయన పళ్ళెంలో అన్నం, కూర తప్ప ఇంకేదీ పెట్టలేదు. ఇది మా రక్తంలోంచి వచ్చి ఉండొచ్చు. ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది రక్తంలోనూ ఉండొచ్చు, అయినా మీకు ఏమీ కాకపోవచ్చు. ఆ పిల్లని గేటు బయటికి తోసినరోజు నేను...”

మైకు ఆగిపోయింది. ప్రవక్త సైగ చేశాడు, పాటలవాళ్ళు అందుకున్నారు. పాతికేళ్ళు మార్కెట్లో అరిచి సరుకమ్మిన గొంతుకు మైకుతో పనేముంది. “ఆ రోజు నేను నోరు మూసుకుని నిలబడ్డాను. అది నా సిగ్గు. మీరు ఆమెన్ అన్నారు, అది మీ సిగ్గు” అని పాట మీదుగా చెప్పి దిగింది. చీఫ్ కుర్చీలో చెక్కబొమ్మలా కూర్చున్నాడు. ఆ ముఖంలో ఏముందో ఇప్పుడు దేవుడికైనా తెలియదు.

ఆ తరవాత ఆయన ఆమెతో మాట్లాడలేదు, ఆమె కొట్టు వైపు కారు కూడా పోనివ్వలేదు. మాత్రలు మాత్రం వేళ తప్పకుండా వేసుకుంటున్నాడని మొరాయో చెప్పింది. ఊళ్ళో కొందరు ఇబిదున్నిని పొగరుబోతంటారు. ఆమెన్ అన్నవాళ్ళలో ముగ్గురు మాత్రం విడివిడిగా, ఒకరికొకరు తెలియకుండా, పిండి కొనే నెపంతో కొట్టుకు వచ్చి, ఆసుపత్రిలో ఆ డాక్టరు ఏ గదిలో కూర్చుంటుందని అడిగి వెళ్ళారు. ఆమె ముగ్గురికీ చెప్పింది. వెటకారం నాలుక చివరిదాకా వచ్చినా మింగేసింది. పొద్దున్నే బస్తా మూతి విప్పగానే పిండి వాసన చూడడం ఆమె వృత్తిలో పాత పద్ధతే. ఈమధ్య ఒక్క క్షణం ఎక్కువసేపు చూస్తోంది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె మళ్ళీ కుటోకి వెళ్ళింది. జుమ్మా నమాజు నుంచి వచ్చినవాళ్ళతో సిడికాత్ కొట్టు కిటకిటలాడుతోంది. ఇబిదున్ని జనాన్ని దాటుకుని మొద్దు దగ్గరికి వెళ్ళబోయింది.

“విన్నాను వదినగారూ” అంది సిడికాత్ తల ఎత్తకుండానే. “కానీ ఇక్కడ అందరూ ముందొచ్చినవాళ్ళు. వరసలో నిలబడండి.”

ఇబిదున్ని వెనక్కి వెళ్ళి, చంకన బిడ్డనెత్తుకున్న ఒక పిల్లతల్లి వెనకాల, వరసలో నిలబడింది.